గీతలు లేని వేలిముద్ర

నేను ఒక ప్రశ్నావళిని. నా నంబరు నలభై ఒకటి. ఐదు కాగితాలు, ముప్పై రెండు ప్రశ్నలు, ఎడమ మూలన తుప్పు పట్టిన ఒక పిన్ను, ఇదీ నా ఒళ్ళు. ప్రశ్నపత్రం అనుకుని భయపడకండి. ప్రశ్నపత్రానికి జవాబులు తెలిసిన మాస్టారు ఒకరుంటారు, తప్పు రాస్తే సున్నా చుడతారు. నా సంగతి వేరు. నన్ను తయారుచేసినవాళ్ళకు జవాబులు తెలియవు, జవాబులు తెలిసినవాళ్ళకు నన్ను చదవడం రాదు. ఈ ఇద్దరి మధ్యా తిరగడానికే నేను పుట్టాను.

సముద్రపు గాలి తగిలే ఒక విశ్వవిద్యాలయంలో, అర్థశాస్త్ర విభాగం వెనకగదిలో నా పుట్టుక. సైక్లోస్టైల్ యంత్రాలు ఇంకా బతికున్న రోజులవి. స్టెన్సిల్ కాగితాన్ని రోలరుకు చుట్టి, ఇంకు పోసి, హ్యాండిల్ తిప్పితే మేము ఒకరి వెనక ఒకరం నల్లగా, తడిగా జారి పడ్డాం. మొత్తం అరవై మందిమి. తిప్పిన చెయ్యి అటెండరు అసిరినాయుడిది. ఇరవై ఏళ్ళుగా ఊరూరి జనం కష్టసుఖాలు అడగడానికి కాగితాలు తిప్పుతున్నాననీ, ఈ చదువుకున్నవాళ్ళలో ఒక్కరైనా తనను ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదనీ తిప్పినంతసేపూ గొణిగాడు. ఆ గొణుగుడే మాకు జోలపాట.

మా ప్రశ్నలకు పెద్ద వంశవృక్షమే ఉంది. ప్రొఫెసర్ దివాకరం గారు కుర్రతనంలో ఒక మహానగరపు మిల్లు కార్మికుల మీద పరిశోధన చేశారట. ఆనాటి ప్రశ్నలే ఏటేటా ఎం.ఎ. విద్యార్థుల చేతుల్లో పేర్లు మార్చుకుంటూ వచ్చాయి. 'మిల్లు' అన్నచోట ఒకరు 'బ్యాంకు' అన్నారు, ఇంకొకరు 'చేపల రేవు' అన్నారు. మిగతావి అలాగే ఉండిపోయాయి. అందుకే నా తొమ్మిదో ప్రశ్న, 'మీరు పనిచేసే చోట లిఫ్టు సౌకర్యం కలదా?' ఇరవై మూడోది, 'విరామ సమయంలో మీరు చదివే పత్రికలు ఏవి?' ఇవి అడగబోయేది ఎవరినో తెలిస్తే మీకూ నవ్వొస్తుంది.

ఉద్దానం వైపు ఒక పల్లె. మెట్టమామిడి అనుకోండి. అక్కడొక జీడిపప్పు ఫ్యాక్టరీ. దానిలో నేలమీద వరసగా కూర్చుని, వేయించిన జీడిపిక్కల్ని చెక్కసుత్తితో పగలగొట్టి పప్పు తీసే ఆడవాళ్ళను అడగడానికి నన్ను అచ్చు వేశారు.

ఆ విషయం ఎంచుకున్న అమ్మాయి గేదెల హైమావతి. బొబ్బిలిలో పోస్టుమాన్ గారి కూతురు. తోటివాళ్ళంతా ఊళ్ళోనే, ఫ్యాన్ల కింద కూర్చునే గుమస్తాల మీద డిసర్టేషన్లు రాయడానికి ఒప్పుకున్నారు. ఈమెకు ఒకసారి రైలు ప్రయాణంలో ఎదుటి బెంచీ మీద కూర్చున్న ఆడమనిషి చేతులు నల్లగా, కాలినట్టు కనిపించాయి. ఏమైందని అడగడానికి మొహమాటపడి ఊరుకుంది. ఆ మొహమాటమే లోపల మెదిలి, చివరికి 'జీడిపప్పు పరిశ్రమలో మహిళా కార్మికుల స్థితిగతులు' అనే శీర్షికగా మారింది. శీర్షికలు ఎంత గంభీరంగా ఉన్నా వాటి పుట్టుక ఇలాగే ఉంటుంది.

ఊరికి వెళ్ళేముందు మేమంతా ఆమె ఫైలులో పడి రెండు నెలలు లైబ్రరీకి తిరిగాం. పరిశోధన అంటే ముందు ఇతరులు ఏం రాశారో చదవాలట. హైమావతి బుద్ధిగా చదివింది. పాత డిసర్టేషన్లు మూడు తీస్తే మూడింటిలోనూ ఒకే పేరా కనిపించింది, కామాతో సహా. మొదట నవ్వుకుంది. తర్వాత అటూ ఇటూ చూసి, రెండు మాటలు మార్చి తానూ అదే పేరా ఎత్తి రాసుకుంది. ఆ సాయంత్రం మాత్రం కాస్త ముభావంగా ఉంది.

ఇక దివాకరం గారి సంగతి. మంచివారు. నిక్కచ్చి మనిషి. నాలుగేళ్ళ క్రితం ఒక శిష్యుడు ఎనభై ప్రశ్నావళుల్ని ఒకే మధ్యాహ్నం కాంటీన్లో కూర్చుని, ఒక్కడే పూర్తిచేసి తెచ్చాడు. ఈయన వాటిని నమ్మి, మెచ్చుకుని, ఫస్ట్ క్లాసు ఇప్పించారు. నిజం బయటపడ్డాక విభాగమంతా చాటుగా నవ్వింది. ఆ దెబ్బతో ఆయన ఒక నియమం పెట్టారు. ప్రతి ప్రశ్నావళి చివరిపేజీలో, జవాబు చెప్పిన మనిషి వేలిముద్ర ఉండి తీరాలి. సంతకం ఎవడైనా పెడతాడు, వేలిముద్ర అబద్ధమాడదు అనేది ఆయన మాట. ఆయన స్వయంగా పల్లెకు వెళ్ళి పద్నాలుగేళ్ళయింది. వేలిముద్రల్ని మాత్రం భూతద్దం పెట్టి చూసేవారు.

హైమావతి పాసింజరు రైలెక్కి, తర్వాత బస్సెక్కి పదకొండు రోజులు మెట్టమామిడికి తిరిగింది. పని జరిగేటప్పుడు మాట్లాడనివ్వలేదు. అందుకని మధ్యాహ్నం అన్నాల వేళ, కుళాయి దగ్గర చేతులు కడుక్కునే వేళ మా నోళ్ళు తెరుచుకునేవి. నా వంతు ఎనిమిదో రోజున వచ్చింది.

ఆవిడ పేరు తామాడ దాలమ్మ. ఇరవై ఆరేళ్ళుగా పిక్కలు కొడుతోంది. జీడిపిక్క పెచ్చులో ఉండే సొన ఒంటికి తగిలితే కాలుస్తుంది. అది అంటకుండా చేతులకు బూడిద పూసుకుంటారు. బూడిద చాలదు. ఆవిడ సత్తుగిన్నె పక్కన పెట్టి, గట్టుమీద కాళ్ళు చాపుకుని, ఏటమ్మా అడుగుతావో అడుగు అంది.

హైమావతి తొమ్మిదో ప్రశ్న దగ్గర కాస్త నసిగింది. అయినా నియమం కదా, అడిగింది. లిఫ్టు అంటే ఏమిటో చెప్పింది. దాలమ్మ అంతా విని, "కింద కూకున్నోలికి పైకెక్కే పెట్టెందుకమ్మా" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. హైమావతి కూడా నవ్వి, నా గడిలో 'లేదు' అని రాసింది. నిజం చెప్పొద్దూ, నాకు సిగ్గేసింది.

ఇరవై ఏడో ప్రశ్న దగ్గర నవ్వు ఆగింది. 'వృత్తిపరంగా మీరు పొందుతున్న సంతృప్తి: అత్యధికం, అధికం, మధ్యస్థం, అల్పం.' నాలుగు గడులు, ఏదో ఒకదానిలో టిక్కు పెట్టాలి. అంతకుముందు నలభై మందీ ఏదో ఒకటి పెట్టుకోమన్నారు. దాలమ్మ అలా అనలేదు. కొంచెంసేపు తన చేతులకేసి చూసుకుంది.

"పని మంచిదే, సెయ్యి పోతాది. పనికేటి రాత్తావో రాయి, సేతికేటి రాత్తావో రాయి. రెండూ ఒకే గడిలో ఎలాగ పెడతావు?"

 హైమావతి నా నాలుగు గడులనూ ఖాళీగా వదిలేసి, పక్కనున్న మార్జిన్లో ఆ మాటల్ని ఉన్నవున్నట్టుగా రాసుకుంది. ముప్పై రెండు ప్రశ్నల్లో మనిషి నోటి నుంచి వచ్చిన మాట నామీద పడింది అదొక్కటే.

అన్నీ అయ్యాక దాలమ్మ తన పేరు ఎక్కడ రాశావో చదవమంది. నా ఒంటిమీద పేరుకు చోటే లేదు. వివరాలు గోప్యంగా ఉంచాలి గనుక పేరు అడగరాదని పరిశోధన పద్ధతుల పుస్తకంలో ఉందట. హైమావతి అది వివరించబోయింది. పేరు లేకపోతే ఇంతసేపూ ఎవరు మాట్లాడినట్టని దాలమ్మ అడిగింది. ఇక హైమావతి వాదించలేదు. చివరిపేజీ అడుగున, వేలిముద్ర వేసే గడికి కింద, కాగితం అంచుకు ఆనించి 'తామాడ దాలమ్మ' అని రాసి, పైకి చదివి వినిపించింది. దాలమ్మ మళ్ళీ ఒకసారి చదివించుకుంది.

తర్వాత స్టాంపు ప్యాడు తీస్తే ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుంది. తన వేలు ముద్ర పడదనీ, రేషన్ కార్డు దగ్గర గుమస్తా దొంగముద్ర వేస్తున్నావని నలుగురిలో కసిరాడనీ చెప్పింది. ప్యాడులో ఇంకు ఆరిపోయి ఉంటుందిలే అనుకుంది హైమావతి. బొటనవేలు పట్టుకుని ఇంకులో బాగా అద్ది, నామీద గట్టిగా నొక్కింది. ఏటి నీళ్ళలో అరిగిన రాయిలా నున్నగా తగిలింది ఆ వేలు. తీశాక చూస్తే గుండ్రటి నల్లమచ్చ. గీత అన్నది లేదు, సుడి అన్నది లేదు. హైమావతి ఆ మచ్చనూ, ఆ వేలినీ మార్చి మార్చి చూసింది. రైలులో అడగలేకపోయిన ప్రశ్నకు జవాబు అప్పుడు దొరికింది ఆమెకు. ఆ వేలిని కాసేపు వదలలేదు.

అలా నున్నటి మచ్చలు పడినవాళ్ళం మేము పంతొమ్మిది మందిమి. ఏళ్ళ తరబడి పిక్కలు కొట్టినవాళ్ళవి. కొత్తగా చేరినవాళ్ళకూ, పప్పు ఏరే పనిలో ఉన్నవాళ్ళకూ గీతలు బాగానే పడ్డాయి.

నలభై ఎనిమిది పూర్తయ్యేసరికి హైమావతికి జ్వరం తగిలింది. మామూలు జ్వరం కాదు, మలేరియా. మూడు వారాలు మంచం దిగలేదు. లేచేసరికి గడువు నెత్తిమీదికి వచ్చింది. ఒప్పుకున్న లెక్క అరవై, ఇంకా పన్నెండు ఖాళీగా ఉన్నాయి. అప్పుడు ఆ పిల్ల ఒక పని చేసింది. చెప్పడానికి నాకు నోరు రాదు గాని, ఆత్మకథ అన్నాక దాచకూడదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, హాస్టల్లో అందరూ సినిమాకు పోయాక, గది తలుపు వేసుకుని ఆ పన్నెండింటినీ తనే రాసేసింది. నలభై ఎనిమిది మంది మాటలు చెవుల్లో ఉన్నాయి కదా, జవాబులు భేషుగ్గా కుదిరాయి. సంతృప్తి దగ్గర అన్నిటికీ 'మధ్యస్థం'. ఇక ముద్రలు. రెండు చేతుల పది వేళ్ళూ పదింటికి సరిపోయాయి. మిగిలినవి రెండు. కాసేపు ఆలోచించి, మంచం మీద కూర్చుని, కాళ్ళ బొటనవేళ్ళు రెండూ ఇంకులో అద్దింది. ఆ ఇంకు కొబ్బరినూనెకు పోలేదు, సబ్బుకు పోలేదు. ఆ ఉక్కపోతలో మూడు రోజులు సాక్సులు వేసుకుని తిరిగింది. ఫైలులో పక్కపక్కనే పడుకున్న మేము, ఆ కొత్త పన్నెండు మందితో మాట్లాడలేదు. నాకు కోపం రాలేదు. పాపం, ఇంకా నీరసంగానే ఉంది పిల్ల అనుకున్నాను.

దివాకరం గారు భూతద్దం తీసుకుని మమ్మల్ని రెండు కట్టలు చేశారు. ఒక్కొక్కటీ చూసి, కొన్ని కుడిపక్క, కొన్ని ఎడమపక్క పెట్టారు. యాభై తొమ్మిదో నంబరు దగ్గర ఆగి, ముచ్చటపడి హైమావతికి చూపించారు. కష్టజీవి వేలు అంటే ఇదీ, ఎంత వెడల్పుగా, ఎంత బలంగా పడిందో చూడమన్నారు. అది ఆమె ఎడమకాలి బొటనవేలు. హైమావతి తల వంచుకుని చెప్పుల్లోకి చూసుకుంది.

తర్వాత ఎడమపక్క కట్ట చేతిలోకి తీసుకున్నారు. మేము పంతొమ్మిది మందిమి. ఆయన గొంతు మారింది. ఇవి ముద్రలు కావనీ, రబ్బరు ముక్కతో గాని గుడ్డతో గాని అద్దినవనీ, మళ్ళీ కాంటీను కథ మొదలైందనీ అన్నారు. హైమావతి సొన గురించి, బూడిద గురించి చెప్పబోయింది. మనిషన్నవాడి వేలికి గీతలు లేకపోవడం ఉండదని ఆయన కొట్టిపారేశారు. ఎర్రసిరా పెన్ను తీసి, పంతొమ్మిదింటి మీదా అడ్డంగా 'రద్దు' అని రాశారు. నా మీద రాసినప్పుడు ఆ రద్దు ఒత్తు దాలమ్మ మచ్చను ఆనుకుని నిలిచింది.

రాశాక ఆయన మెత్తబడ్డారు. ఆయన స్వభావమే అంత. మలేరియాతో మంచాన పడ్డావని విన్నాను, ఏదో తొందరలో చేసి ఉంటావు, నేను ఎవరికీ చెప్పను అన్నారు. మిగిలిన నలభై ఒకటీ స్వచ్ఛంగా ఉన్నాయి, వాటితో రాసుకో, పదిరోజుల్లో సమర్పించు, డిగ్రీ చేతికొస్తుంది అన్నారు. కాదూ కూడదూ అంటే మొత్తం దొంగలెక్కగా కమిటీకి పంపాల్సి వస్తుందన్నారు. అంత దయగా ఎవరైనా మాట్లాడితే ఎదురు చెప్పడం ఎంత కష్టమో హైమావతి ముఖంలో చూశాను.

హైమావతి లైబ్రరీ బల్ల మీద ఆ మిగిలిన నలభై ఒక్కింటితో పట్టికలు మళ్ళీ వేసింది. పాత పట్టికలో 'చేతి వ్యాధులు' అనే వరస నిండుగా ఉండేది. కొత్తదానిలో ఆ వరస సన్నగిల్లిపోయింది. సంతృప్తి వరసలో 'మధ్యస్థం' ఇంతెత్తున లేచింది. 'కార్మికులలో చేతి సమస్యలు స్వల్పం' అని ఒక వాక్యం రాసింది. అది ఎంత చక్కగా కుదిరిందంటే, పుస్తకాల్లో వాక్యంలాగే ఉంది. ఆ వాక్యం చూసి ఆమె కలం మూసేసింది.

రెండు రోజులు అలా గడిచాయి. మూడో రోజు మమ్మల్ని కట్ట విప్పి ఒక్కొక్కటే తిరగేసింది. నా దగ్గరికి వచ్చి, మార్జిన్లో తానే రాసుకున్న మాటల్ని వేలితో వెంబడించి చదివింది. పనికేటి రాత్తావో రాయి, సేతికేటి రాత్తావో రాయి. దాలమ్మను కసిరిన రేషన్ గుమస్తాను ఆ రోజు కుళాయి దగ్గర తనూ తిట్టుకుంది. ఇప్పుడా గుమస్తా కుర్చీలో కూర్చున్నది తనే అని ఆమెకు తెలిసిపోయింది. కళ్ళు తుడుచుకుని, అరవై మందిమినీ ఫైలులో పెట్టుకుని లేచింది.

దివాకరం గారి బల్ల మీద ఒక తెల్లకాగితం పరిచి, స్టాంపు ప్యాడు తెరిచి, ఆయన అడిగేలోపే తన పది వేళ్ళూ వరసగా వేసింది. తర్వాత కుడికాలి చెప్పు విడిచింది. ఎడమకాలిది విడిచింది. ప్రొఫెసరు గారి గదిలో, ఆయన కళ్ళముందు, నేలమీద కాగితం పెట్టి రెండు ముద్రలు వేసి, ఆ కాగితాన్నీ యాభై తొమ్మిదో నంబరునూ ఆయన ముందుంచింది.

ఆయనకు భూతద్దం అక్కర్లేకపోయింది. ముఖం ఎర్రబడింది. నువ్వు చెప్పకపోతే నాకెప్పటికీ తెలిసేది కాదు కదా, ఎందుకు చెప్పావు అని అడిగారు.

"ఆ పంతొమ్మిదీ నిజమని చెప్పాలంటే ఈ పన్నెండూ అబద్ధమని చెప్పాలి సార్," అంది హైమావతి. "ఒకటి చెప్పి ఒకటి దాచలేకపోయాను."

అబద్ధమాడినట్టు నీ నోటితోనే ఒప్పుకున్నాక మిగతాది మాత్రం ఎందుకు నమ్మాలన్నారు ఆయన.

"నమ్మకండి. వచ్చి చూడండి."

అసిరినాయుడు కాఫీ తెచ్చి, గుమ్మంలోనే ఆగిపోయాడు. కాఫీ చల్లారింది. మర్నాడు ఉదయం పాసింజరులో పద్నాలుగేళ్ళ తర్వాత దివాకరం గారు పల్లెకు బయలుదేరారు, వెంట హైమావతీ, ఆమె ఫైలులో మేమూ. ఆయన దారిపొడవునా కిటికీ పక్కనే కూర్చున్నారు. చేతిసంచిలో భూతద్దం మాత్రం మరిచిపోలేదు.

అన్నాల వేళకు చేరారు. దాలమ్మ హైమావతిని గుర్తుపట్టి, చిక్కిపోయావేటమ్మా అంది. ప్రొఫెసరు గారు కాగితం చాపి వేలు వెయ్యమంటే, ఇంకోసారా అని విసుక్కుంటూనే వేసింది. అదే మచ్చ. ఆయన భూతద్దం తీసి కాగితం మీద కాకుండా ఆవిడ వేలి మీదే పెట్టారు. వంగి, ఎండకు తిప్పి చూశారు. పక్కావిడ వేలు చూశారు. ఆ పక్కావిడ వేలు చూశారు. ఐదో మనిషి దగ్గర భూతద్దం జేబులో పెట్టేసుకున్నారు. దాలమ్మ ఆయన చెయ్యి పట్టుకుని తిప్పి చూసి, నీ ఏలు బాగున్నాది బాబూ, రాతపని ఏలు అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. చూసింది చెప్పింది, అంతే.

ఆవిడ చూపు అప్పుడు నామీద పడింది. తన మచ్చ పక్కన ఎర్రగా ఏదో కనిపించింది. ఏటి రాసినారని అడిగింది.  దివాకరం గారే చెప్పారు, రద్దు అని.

"నా మాట రద్దా?" అంది దాలమ్మ. గొంతు పెంచలేదు.

ఆయన తడబడుతూ జేబులోంచి పెన్ను తీశారు. పొరపాటైందనీ, కొట్టేసి సంతకం చేస్తాననీ అన్నారు. ఎన్నో కాగితాల మీద తప్పులు దిద్దిన చెయ్యి అది. దాలమ్మ తల అడ్డంగా ఊపింది.

"రాతలొద్దు బాబూ. రాత మాకు తెల్దు. నువ్వూ ఏలెయ్యి."

ఎం.ఎ., పిహెచ్.డి. దివాకరం గారు కుళాయి గట్టు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, బొటనవేలు ఇంకులో అద్ది, నా చివరిపేజీలో దాలమ్మ మచ్చకు కుడిపక్కన వేశారు. గీతలన్నీ స్పష్టంగా, సుడి తిరిగి, పాఠ్యపుస్తకంలో బొమ్మలా పడింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంకెప్పుడూ కలగలేదు.

ఇక్కడితో కథ శుభంగా ముగిసిందనుకోకండి. దివాకరం గారు ఎంత కరిగినా నిక్కచ్చి వదల్లేదు. దొంగ పన్నెండూ హైమావతి చేతనే చింపించి, మళ్ళీ వెళ్ళి నిజమైనవి పన్నెండు తెమ్మన్నారు. గడువు దాటిపోయింది. తోటివాళ్ళు పట్టాలు పుచ్చుకున్న ఆరునెలలకు గాని ఆమెకు డిగ్రీ రాలేదు. ఫస్ట్ క్లాసు రెండు మార్కుల్లో పోయింది. ఆమె ఎవరితోనూ ఫిర్యాదు చెయ్యలేదు. 'కార్మికులలో చేతి సమస్యలు స్వల్పం' అనే వాక్యాన్ని కొట్టేసి, ఆ చోట దాలమ్మ మాటల్ని ఉన్నవున్నట్టు పెట్టింది. ఏ గడిలోనూ పట్టని జవాబు అని కింద రాసింది. ఆ వాక్యానికి ప్రొఫెసరు గారు అభ్యంతరం చెప్పలేదు. మరుసటేడు నుంచి లిఫ్టు ప్రశ్న తీసేశారు, పేరు రాసుకోవడానికి ఒక గీత పెట్టారు, వేలిముద్ర నియమం ఎత్తేశారు. నియమం పోయిందని తెలిసి విద్యార్థులు కొందరు మళ్ళీ సంతోషంగా కాంటీనుకు వెళ్ళారు. మనుషులు అంతే.

నన్ను మాత్రం డిసర్టేషన్ చివర అనుబంధంగా, అసలు కాగితాన్నే, కుట్టించమన్నారు దివాకరం గారు. అప్పటికి డిగ్రీ చేతికొచ్చి హైమావతి బొబ్బిలి దగ్గర ఒక కాలేజీలో ఉద్యోగంలో చేరింది. బైండింగ్ అయిన ప్రతుల్ని బైండరు నేరుగా విభాగానికి పంపాడు. అతను మంచి పనివాడు. ముదురుగోధుమ రంగు అట్ట, బంగారు అక్షరాలు. నేను పుస్తకం కన్నా వేలెడు పొడుగు ఉన్నానని, అందరితో సమానంగా ఉండాలి కదా అని, నా అడుగు అంచును కత్తిరించాడు. ఏమీ లేని చోటే కోశాను అనుకున్నాడు. దాలమ్మ పేరు ఆ అంచు మీద ఉంది. ఆ ముక్క అతని కత్తి కింద నుంచి నేలమీద పడి, సాయంత్రం చీపురుతో పోయింది. హైమావతికి ఆ సంగతి ఇప్పటికీ తెలియదు.

అప్పటినుంచి లైబ్రరీలో, పైనుంచి రెండో అరలో ఉన్నాను. చూసేవాళ్ళు లేరనుకోకండి. ఏటా పరీక్షలకు ముందు ఇద్దరు ముగ్గురు వస్తారు. ముందు పేజీల్లోని ఆ పాత పేరా, కామాతో సహా, ఎత్తి రాసుకుంటారు. వాళ్ళలో ఎవరో ఒకరు చివరిదాకా తిరగేస్తారు. నా పేజీ రాగానే ఆగిపోతారు. పక్కపక్కన రెండు ముద్రలు. కుడిపక్కది చూసి నిట్టూరుస్తారు. ఎంత కష్టపడిన వేలో అని పక్కవాళ్ళకు చూపిస్తారు. ఈమధ్య ఫోన్లతో ఫొటోలు తీసుకుంటున్నారు. ఒకమ్మాయి ఆ ముద్ర మీద తన వేలు పెట్టి, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అది దివాకరం గారి వేలు.

ఎడమపక్కదాన్ని ఎవరూ పట్టించుకోరు. ఒకబ్బాయి పుస్తకం పాడైందని బాధపడి, రబ్బరుతో చెరపడానికి కూడా చూశాడు, పోలేదు. మొన్న పుస్తకాల తనిఖీకి వచ్చిన ఉద్యోగి నన్ను తిరగేసి, తన రిజిస్టరులో 'చివరి పేజీలో ఇంకు మరక' అని రాసుకుని వెళ్ళాడు.

నాకు ప్రశ్నలే తప్ప మాటలు లేవు. జవాబులు రాయించుకోవడమే గాని చెప్పడం నా పని కాదు. అయినా నా మీద పేరు లేదు గనుక, ఈ ఒక్కటీ నేనే చెప్పాలి. మీరెప్పుడైనా ఆ పుస్తకం తెరిస్తే కుడిపక్క చూడకండి. ఎడమపక్కది మరక కాదు. ఆవిడ పేరు తామాడ దాలమ్మ.